కోత పండుగలో వేలానికొచ్చిన పెన్ను

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా బడి పిల్లల అభిప్రాయం. ఉంటే ఉండనీ. ఆ ముక్కుకు ఇంకో గుణం కూడా ఉంది. నేను పుట్టి పెరిగింది బనగానపల్లె పక్కన మామిడితోటలో. మాగేసిన గడ్డిలో పండ్లు ఎంతవరకు వచ్చాయో, ఏ గంపలో ఒకటి చెడిందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. మా నాయన వచ్చిన బేరగాళ్ళ ముందు నన్ను గంపల మధ్య నిలబెట్టి ఆ విద్య చూపించి మురిసిపోయేవాడు. తర్వాత చదువుకుని సైన్సు టీచరునై కోయిలకుంట్ల వైపు ఒక ఊరి హైస్కూలుకు వచ్చాను గానీ, ముక్కు మాత్రం ఆ తోటలోనే ఉండిపోయింది.

అందుకే ఆ చలికాలం పదో తరగతి గదిలో కాలు పెట్టగానే బంగినపల్లి వాసన తగిలేసరికి గుమ్మంలోనే ఆగిపోయాను. బయట నల్లరేగడి చేలల్లో శనగ ఇంకా కాయ మీద ఉంది. మామిడిచెట్లు పూత కూడా పూర్తిగా విప్పలేదు. పండు ఎక్కడిది? ఎవర్రా మామిడిపండు తెచ్చింది అని అడిగాను. దాచుకుని తినడం మర్యాద కాదనీ, కనీసం టీచరుకొక ముక్క పెట్టాలనీ చెప్పాను. వెనక బెంచీల వాళ్ళు తలలు వంచుకున్నారు, భుజాలు అదురుతున్నాయి. సిగ్గుపడుతున్నారనుకున్నాను.

మర్నాడూ అదే వాసన. ఇక ఊరుకోలేక పాఠం పక్కన పెట్టి, కాయ ఎలా మాగుతుంది, పండును కాలం కాని కాలందాకా నిలవ పెట్టడం ఎంత కష్టం అని అరగంట చెప్పాను. ఇంతకాలం పండు కాపాడిన ఆ ఇంటివాళ్ళకు సన్మానం చేయాలన్నాను. గది గదంతా చప్పట్లు కొట్టింది. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా విన్న క్లాసు మరొకటి లేదు.

తర్వాత ఒకరోజు బెంచీలు జరిపిస్తుంటే గోడ సందులోంచి ఒకటి కింద పడింది. లావుపాటి పెన్నులాగా, పసుప్పచ్చగా, తేలిగ్గా ఉంది. పాళీ లేదు. అరచేతి మీద రాసి చూశాను, రాయలేదు. వాసన చూశాను. బంగినపల్లి. అబ్బో, వాసన పెన్నులు కూడా వచ్చాయే అని స్టాఫ్‌రూముకు తీసుకుపోయి, ముందు డ్రాయింగు టీచరు ముక్కు కింద, తర్వాత నా ముక్కు కింద తిప్పుతున్నాను. కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన కంప్యూటరు సారు మా కంటే చాలా చిన్నవాడు. అతను ఒక్క అంగలో వచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు.

అది ఈ-సిగరెట్టట. లోపల నికోటిను కలిపిన రసం ఉంటుందట. మన దేశంలో అమ్మడమే నేరమట. అయినా ఫోన్లలో చూసి, ఎవరో ఒకరి చేత తెప్పించుకుంటున్నారట. పండ్ల వాసన పెట్టేది ఎందుకంటే, పీల్చే పిల్లవాడికి అది పొగ అనిపించకుండా, పక్కనున్న పెద్దవాళ్ళకు అనుమానం రాకుండా. ఆ పక్కనున్న పెద్దదాన్ని నేనే. ఏటేటా పుర్రె బొమ్మ, సీసా బొమ్మ గీయించి మత్తు వద్దని ఊరేగింపు తీయించేదాన్ని. పిల్లలు ఆవలిస్తూ నడిచేవాళ్ళు. ఎందుకు ఆవలించేవాళ్ళో ఇప్పుడు తెలిసింది. వాళ్ళ లోకం సీసా దాటి ఎప్పుడో ముందుకు పోయింది. పీల్చడానికి పంక్చరు సొల్యూషను, వైట్నరు, తాగడానికి దగ్గు మందు, ఆటకు ముందు మింగే నొప్పి మాత్రలు అని కంప్యూటరు సారు చెప్పుకుంటూ పోతుంటే నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. మా నాయన తోట వాసనను ఎవడో గొట్టంలో నింపి నా పిల్లలకు అమ్ముతున్నాడు.

మా హెడ్మాస్టరు మంచివాడే, కోపంలో నాకు అన్న. ఆ వస్తువును కళ్ళతో కూడా చూడనన్నాడు. కాగితంలో చుట్టి నా బీరువాలో పెట్టమన్నాడు. మర్నాడు ప్రేయరులో, అది ఎవరిదో తెలిసిన రోజు వాడి చేతికి టీసీ ఇస్తానని, ఈ బడి నుంచి పదో తరగతి పరీక్ష రాయనివ్వనని ప్రకటించాడు. ముందు అడుగుదాం సార్, తర్వాత బెదిరిద్దాం అన్నాను. భయం ఉండాల్సిందే అన్నాడు. భయం బాగానే ఉండింది. ఆ రోజు నుంచి గదిలో మామిడి వాసనా లేదు, నోరు విప్పిన పిల్లవాడూ లేడు.

మా ఊళ్ళో పాత రాతి చర్చి ఒకటి ఉంది. నేనూ ఆ సంఘంలోదాన్నే. నా గోడు విన్న మా పాస్టరు అయ్యగారు, పిల్లలకు చెప్పేది తర్వాత, ముందు పెద్దలకు చెప్పండి, కోత పండుగనాడు ఊరంతా వస్తుంది, వేలం అయిపోయాక కొంచెం సేపు మాట్లాడండి అన్నాడు. హెడ్మాస్టరును కూడా అతిథిగా పిలిచాం.

మా కోత పండుగ సంగతి చెప్పాలి. ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఏటి పంటలో మొదటి భాగాన్ని పళ్ళెంలో పెట్టి, తువ్వాలు కప్పి తెచ్చి బలిపీఠం ముందున్న బల్ల మీద పెడతారు. జొన్న కంకులు, శనగ చెట్లు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. చేలు లేనివాళ్ళు ఊరుకోరు, అంగడివాళ్ళు సబ్బులో పెన్నులో పెడతారు, నేతవాళ్ళు తువ్వాళ్ళు పెడతారు. అయ్యగారు ప్రార్థన చేసిన తర్వాత బల్ల మీదున్నదంతా దేవునిది. పెట్టినవాడు కూడా వెనక్కి తీసుకోకూడదు. ఎవరికి కావాలన్నా వేలం పాడి కొనుక్కోవాల్సిందే. వేలం వేసేది మా సంఘ పెద్ద. ఏటేటా ఆయనకు చూపు తగ్గుతోంది, గొంతు పెరుగుతోంది.

ఆ సంఘంలో ముందు వరసలో చాప మీద కూర్చునే అవ్వ ఒకామె ఉంది. నడుముకు వక్కాకు తిత్తి, అందులో ఆకు, వక్క, అన్నిటికంటే ముఖ్యంగా పొగాకు. ప్రసంగం మధ్యలో ఆమె ఉమ్మడానికి బయటికి పోతే, తిరిగి వచ్చి కూర్చునేదాకా అయ్యగారు ఆగుతాడు. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనిలో ఉంటే, మనవణ్ణి ఆమే సాకుతోంది. వాడు నా పదో తరగతిలోనే చదువుతున్నాడు, పాటల గుంపులో డ్రమ్ము వాయిస్తాడు. బడి తెరిచిన నాటి నుంచి ప్రతి ఆదివారం ఆమె ప్రార్థన అంశం ఒక్కటే, మనవడు పది గట్టెక్కాలని. వాడికి లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో దేవునికీ సంఘానికీ ఒకేసారి తెలిసేది. అప్పుడు వాడు డ్రమ్ము వెనక తల దాచుకునేవాడు.

కోత పండుగనాడు నేను కూడా ఒక స్టీలు పళ్ళెం సిద్ధం చేసుకున్నాను. పంక్చరు సొల్యూషను ట్యూబు, వైట్నరు, దగ్గు మందు సీసా, నా బీరువాలోంచి తీసిన ఆ పెన్ను. మాట్లాడేటప్పుడు ఒక్కొక్కటీ ఎత్తి చూపించాలని నా ఆలోచన. పిల్లలు తాకకుండా పైన గళ్ళ తువ్వాలు కప్పి, సండే స్కూలు అమ్మాయి చేతికిచ్చి, ముందర పెట్టమ్మా అన్నాను. కోత పండుగనాడు తువ్వాలు కప్పిన పళ్ళెం ముందర పెట్టమంటే ఎక్కడ పెడుతుంది? బల్ల మీద పెట్టింది. నేనేమో నా ఉపన్యాసం బట్టీపట్టడానికి వరండాలోకి పోయాను. లోపల అయ్యగారు చేతులు చాచి, ఈ కానుకలు వాడుకునే ప్రతి ఇంటినీ దీవించు తండ్రీ అని ప్రార్థిస్తుంటే, బయటినుంచి నేను కూడా గట్టిగా ఆమెన్ అన్నాను.

వేలం మొదలైన కాసేపటికే మా హెడ్మాస్టరు ఇరుక్కున్నాడు. ముఖం మీద వాలిన ఈగను తోలుకోవడానికి చెయ్యెత్తాడు, గుమ్మడికాయ ఆయనకు కొట్టేశారు. నేను పాడలేదయ్యా అని ఆయన ఎంత మొత్తుకున్నా సంఘ పెద్ద వినలేదు. వేలంలో పోయింది కొన్నోళ్ళదే సార్, అది ముందు యాడిది, ఎట్లొచ్చిందని అడిగేకి లేదు అని తీర్పు చెప్పేశాడు. అంత లావు గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని, ఆయన దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు.

వరండాలో నా ఉపన్యాసం చివరికొచ్చేసరికి లోపలినుంచి నవ్వులు వినిపించాయి. గుమ్మంలోంచి తొంగి చూస్తే నా గళ్ళ తువ్వాలు సంఘ పెద్ద భుజం మీద ఉంది. పంక్చరు సొల్యూషను అప్పటికే సైకిల్ షాపాయన పాడుకున్నాడు. వైట్నరును లెక్కలు రాసే కార్యదర్శి తీసుకున్నాడు, అందుకే ఆ నవ్వులు. దగ్గు మందు, పాటలన్నిటికీ తాళంగా దగ్గే ఒక తాతకు చేరింది. ఇక మిగిలింది పెన్ను.

సంఘ పెద్ద దాన్ని కళ్ళకు ఆనించి చూసి, ఊపి చూసి, వాసన చూశాడు. చలికాలంలో బంగినపల్లె వాసనొచ్చే పెన్నప్పా అన్నాడు. వరసవరసకూ తిప్పారు. పాస్టరమ్మ గారు కూడా వాసన చూసి మెచ్చుకుంది. నేను లోపలికి పోదామంటే ఆడవాళ్ళు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు, అడుగు పెట్టే సందు లేదు. ఆపమని చెయ్యి ఎత్తాను.

“మేడం పాడిందప్పా!” అన్నాడు సంఘ పెద్ద.

వెంటనే ముందు వరసలోంచి అవ్వ చెయ్యి లేచింది. ప్రార్థన చేసిన పెన్ను, మనవడి పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఆమె వదులుతుందా? కాదు కాదని నేను మళ్ళీ చెయ్యి ఊపాను. పాట పెరిగింది. ఆమె ఎత్తింది. నేను రెండు చేతులూ ఊపాను. పాట ఇంకా పెరిగింది. ఆ గోలలో నా మాట నాకే వినబడలేదు. అవ్వ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

“మేడమ్మా, నీకు జీతమొస్తాది. పెన్నులు యాడైనా కొనుక్కుంటావు. ఇది నా మనవడికి ఇడిసిపెట్టు.”

నేను చేతులు కిందికి దించాను. నేను ఊపేకొద్దీ భారం పడేది ఆమె మీదే. వేలం ముగిసింది. అవ్వ ఆ పెన్నును కొంగుతో తుడిచి, అందరూ చూస్తుండగా నడిచిపోయి, డ్రమ్ము దగ్గర కూర్చున్న మనవడి చేతిలో పెట్టింది. దీంతో రాయి నాయనా, దేవుడు చూసుకుంటాడు అంది.

వాడి ముఖం చూశాను. ఆ పెన్నును వాడు చూసిన తీరు, కొత్త వస్తువును చూసినట్టు లేదు. పోగొట్టుకున్నది దొరికితే చూసినట్టుంది. వాడు దాన్ని జేబులో వేసుకుంటే సరిపోయేది. హెడ్మాస్టరు ఆ వస్తువును అంతకుముందు చూసి ఉండలేదు, ఆయనకు ఇంకా వెలగలేదు. నేను తర్వాత ఎంత మొత్తుకున్నా, ఎవరిదో ఎప్పటికీ తెలిసేది కాదు. అవ్వ నవ్వుతూ నిలబడి ఉంది. వాడు జేబు దాకా తీసుకుపోయి ఆగాడు.

“అవ్వా, ఇది పెన్ను కాదు.”

“పెన్ను కాకుంటే ఏంది?”

“పొగ పీల్చేది.”

పక్క వరసలవాళ్ళందరికీ వినబడింది. హెడ్మాస్టరు లేచాడు, గుమ్మడికాయతో సహా. నీకెట్లా తెలుసురా, ఎవరిది అది అని గద్దించాడు. వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఎవరిదో ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాడి టీసీ నా కళ్ళ ముందు కనిపించింది. నాకు హెడ్మాస్టరు మీద, నా పళ్ళెం మీద, నా మీద పట్టరానంత కోపం వచ్చింది.

అవ్వ మాత్రం హెడ్మాస్టరు వైపు చూడనేలేదు. దాంట్లో ఏముంటాది నాయనా అని మనవణ్ణే అడిగింది.

“నీ తిత్తిలో ఉండేదే అవ్వా. పొగాకులోదే. నాకు ఇడిసిపెట్టేకి అయితాలేదు.”

అంత చిన్నగా అన్నాడు, అయినా చర్చంతా విన్నది. అవ్వ వాడి చేతిలోంచి దాన్ని తీసుకుంది. అప్పుడు హెడ్మాస్టరు వైపు తిరిగింది.

“సార్, ఇది నాది. నేను పాడి కొన్యా. ముందు ఎవురిదని ఎవురినీ అడగాకండి.”

హెడ్మాస్టరు నోరు తెరిచాడు. బల్ల దగ్గర నుంచి సంఘ పెద్ద, ఇందాకే చెప్తి గదా సార్ అన్నాడు. హెడ్మాస్టరు ఆయన్ను చూశాడు, అవ్వను చూశాడు, చేతిలోని గుమ్మడికాయను చూసుకున్నాడు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. ఆ మనిషి మీద నాకు అప్పటిదాకా లేని ప్రేమ పుట్టింది.

అవ్వ పని ఇంకా అయిపోలేదు. నడుముకున్న తిత్తి ముడి విప్పి, బల్ల మీద పెట్టి, దీన్ని గూడా పాడప్పా అంది. సంఘ పెద్ద జీవితంలో అమ్మలేని వస్తువు లేదు, కుంటి కోడిని కూడా పుంజు ధరకు అమ్మినవాడు. గొంతెత్తి అరిచాడు. ఎవరూ పాడలేదు. ఆ తిత్తిలోని సరుకు వాడేవాళ్ళు సంఘంలో చాలామందే ఉన్నారు, అందరూ తమ చేతులను ఒళ్ళోనే పెట్టుకున్నారు. తిత్తి దేవునికే మిగిలిపోయింది.

నా ఉపన్యాసం ఇవ్వలేదు. భోజనాల పందిట్లో తల్లిదండ్రులే నా విస్తరి చుట్టూ చేరి అడిగారు, ఏ వాసన వస్తే అనుమానపడాల, అడిగితే ఏమని అడగాల అని. కొట్టకుండా అడగండి, అంతవరకే నాకు తెలుసు అన్నాను. చేతులు కడిగే తొట్టి దగ్గర ఒకరిద్దరు పిల్లలు కూడా వచ్చి తమకూ అలవాటైందని గొణిగారు. దగ్గు తాత దగ్గర నుంచి సీసా తిరిగి తీసుకోవడమే అన్నిటికంటే కష్టమైంది, ప్రార్థన చేసిన మందు ఇవ్వనన్నాడు. సోమవారం ప్రేయరులో హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, మొన్న నేను చెప్పిన టీసీ మాట లేదు, మానలేకపోతున్నవాళ్ళు వచ్చి నాకో మేడంకో చెప్పండి, పేరు బయటికి రాదు అన్నాడు. ఆ వస్తువు ఏమైంది మేడం అని నన్నడగలేదు. గుమ్మడికాయ పులుసు బాగా కుదిరిందని మాత్రం చెప్పాడు.

పెన్నును కంప్యూటరు సారుకు అప్పగించి, అవ్వనూ మనవణ్ణీ నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పేషెంటు ఎవరని అడిగితే అవ్వ మనవణ్ణి చూపించింది, మనవడు అవ్వను చూపించాడు. ఇద్దరికీ చీటీ రాసింది.

ఆ తర్వాతి రోజులు తమాషాగా చెప్పుకుంటాం గానీ, అప్పుడు తమాషాగా లేవు. వాడు కూర్చున్నచోట కూర్చోలేకపోయేవాడు, పుస్తకం తెరిస్తే చిరాకు, అన్నం చూస్తే చిరాకు. అవ్వ సోంపు నమిలి నమిలి కోళ్ళ మీద విరుచుకుపడేది. ఒకసారి పక్కింట్లో దొంగతనంగా పొగాకు తుంట నోట్లో వేసుకుని మనవడికి దొరికిపోయింది. పంచాయతీ నా ఇంటికొచ్చింది. ఇంకొకసారి ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో మనవడి బడి చొక్కా. ఇన్నేండ్లు పొగాకు నమిలి నా ముక్కు చెడింది, నువ్వు చూడు మేడమ్మా అంది. చూశాను. అబద్ధం చెప్పలేదు. మామిడి వాసన. ఆమె నా గడప మీద కూర్చుండిపోయింది. వాణ్ణి ఏమీ అనలేదట, ఆ పూట తినలేదట. వాడూ తినలేదట. మళ్ళీ ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ, ఇది మామూలే, మళ్ళీ మొదలుపెట్టండి అంది.

పరీక్ష మొదటి రోజు కేంద్రం గేటు దగ్గర నాకు వాళ్ళిద్దరూ కనిపించారు. అవ్వ నడుముకు ఖాళీ. వాడి జేబులో అంగట్లో కొన్న మామూలు పెన్ను. తల్లిదండ్రులంతా పిల్లలకు జాగ్రత్తలు చెబుతుంటే, వీడు అవ్వ గడ్డం పట్టుకుని, నోరు తెరు అవ్వా అన్నాడు. ఆమె అంతమంది ముందు తెరిచింది. నాలుగు పళ్ళు, అంతా శుభ్రం. వాడు అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఊఁ అన్నాడు.

అవ్వ నా వైపు తిరిగింది. వాడి చొక్కా కాలరు పట్టుకుని నా ముందుకు లాగింది. నేను వంగి, మా నాయన గంపల మధ్య నిలబెట్టినప్పటిలాగా కళ్ళు మూసుకుని వాసన చూశాను. సబ్బు. కొబ్బరినూనె. ఎండలో నడిచొచ్చిన చెమట.

“మామిడికి ఇంకా నెల ఉంది అవ్వా,” అన్నాను.

ఆమె కాలరు వదిలి, వాడి వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసింది.